పూత సోలారు పలకలు: సహకార సంఘములు అడుగవలసిన ప్రశ్నలు



మన సహకార సంఘముల సమావేశములయందు ఈ నడుమ సోలారు పలకలను గుఱించి రెండు విధములైన మాటలు వినవచ్చుచున్నవి. గోడకు సున్నము వేసినట్లు గాజుపై ద్రావణమును పూసి పలకలు చేయు పద్ధతి వచ్చినదనియు, అవి చవుకగా దొరకువఱకు పంపుసెట్ల మాట తలపెట్టకుండుట మేలనియు కొందఱు సభ్యులు చెప్పుచున్నారు. అందఱికంటె ముందుగా సొమ్ము కట్టి వానిని తెప్పించుకొందమని మఱికొందఱు చెప్పుచున్నారు. మొదటివారి మాట విన్నచో, బోరుబావి యుండియు డీజిలు కొనలేని సభ్యుని చేను ఇంకను ఎన్ని పంటలు ఎండవలెనో తెలియదు. రెండవవారి మాట విన్నచో, సభ్యులు కూడబెట్టిన వాటాధనము తిరిగివచ్చునో రాదో తెలియదు. ఈ రెండు మాటలకును మూలము ఒక్క పొరపాటే యని నా అభిప్రాయము. అది నమూనా మడిలోని పంటను ఎకరములోని పంటగా భావించుట. ఆ పొరపాటు ఎట్టిదో విన్నవించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట పలక యన నేమో చూతము. నేడు బజారులో దొరకు పలకలలో అధికభాగము సిలికాను పలకలు. ఇసుకజాతి రాతి నుండి తీసిన సిలికానును శుద్ధిచేసి, 1,414 డిగ్రీల వేడిమియొద్ద కరగించి, స్ఫటికముగా పెంచి, సన్నని బిళ్లలుగా కోసి వానిని చేయుదురు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు పనికివచ్చు సిలికాను సెల్లును మొదటిసారి లోకమునకు చూపినప్పుడు దాని సామర్థ్యము సుమారు 6 శాతము. సామర్థ్యమనగా, పలకపై పడిన ఎండ బలములో నూటికి ఎన్ని పాళ్లు విద్యుత్తుగా మాఱుచున్నవను లెక్క. నేడు రైతు కొను సిలికాను పలకలకు అది 20 శాతమునకు అటునిటుగా నున్నది.

పూత పలకల త్రోవ వేఱు. కొన్ని లవణములనో, బొగ్గుజాతి రసాయనములనో ఒక ద్రావకమున కరగించి, ఆ ద్రావణమును గాజుపై గాని, పలుచని ప్లాస్టికు రేకుపై గాని పూసి, ఆరబెట్టి, సుమారు 100 మొదలు 150 డిగ్రీల వేడిమిలో కొంతసేపు ఉంచుదురు. ఆరిన పొర మందము మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. సిలికాను బిళ్ల దానికి మున్నూరు రెట్లు మందము. కొలిమి అక్కఱలేదు, సరకు స్వల్పము, వార్తాపత్రిక అచ్చువేసినట్లు పలకలను అచ్చువేయవచ్చును. ఈ ఆశ ఆధారము లేనిది కాదు.

ఈ జాతిలో నేడు ఎక్కువగా పేరు వినబడునది పెరోవ్‌స్కైటు. 1839లో ఉరలు పర్వతములయందు దొరకిన యొక ఖనిజమునకు పెరోవ్‌స్కీ యను రష్యా దేశపు ప్రభువు పేరు పెట్టిరి. దాని అమరికను పోలిన అమరిక గల కృత్రిమ లవణములకు నేడు ఆ పేరు వచ్చినది. వానిలో సాధారణముగా సీసమును, అయొడినును ఉండును. 2009లో జపాను దేశమున మియసకా అను ఆచార్యుడును ఆయన సహచరులును దీనితో చేసిన మొదటి సెల్లు 3.8 శాతము మాత్రమే యిచ్చెను. 2024 నాటికి ప్రయోగశాలలోని ఉత్తమమైన సెల్లు 26 శాతమును దాటినది. పదునైదేండ్లలో ఇంత పెరుగుదల సిలికాను సయితము చూడలేదు. ఇది శాస్త్రజ్ఞుల పరిశ్రమకు ఫలము. వారిని మెచ్చుకొనకుండుట న్యాయము కాదు.

అయినను ఆ 26 శాతము ఏ కొలత గల సెల్లులో వచ్చినదని మనము అడుగవలెను. అట్టి గొప్ప అంకెలు వచ్చిన సెల్లులలో అనేకములు చదరపు సెంటీమీటరులో పదవవంతు మాత్రమే యుండును. అనగా ఒక కందిగింజ ఆనునంత చోటు. పొలములో నిలిపెడు పలక సుమారు రెండు చదరపు మీటర్లు, అనగా 20,000 చదరపు సెంటీమీటర్లు ఉండును. ఒకటి రెండవదానికి రెండు లక్షల రెట్లు. వరిపంట దిగుబడి తెలిసికొనుటకు మనము కోత ప్రయోగములలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల మడిని కోసి తూచుదుము గదా. దానికి రెండు లక్షల రెట్లు 1,200 ఎకరములకు పైగా అగును. ఒక్క మడి కోసి, అదియు ఊరిలోకెల్ల మంచి మడి నేరి కోసి, 1,200 ఎకరముల ఆయకట్టుకు ఆ దిగుబడినే చెప్పినచో ఎవరైనను ఒప్పుకొందురా?

ఈ మాట నేను ఇతరులను తప్పుపట్టుటకు చెప్పుట లేదు. నేను వ్యవసాయ డిమానుస్ట్రేటరు పనిలో చేరిన తొలి యేండ్లలో ఒక క్రొత్త వంగడమును నమూనా మడిలో పండించి, ఆ దిగుబడిని ఎకరమునకు కట్టి గ్రామ గ్రామమున చెప్పితిని. మడికి ఎరువు వేళకు వచ్చెను. నీరు వేళకు వచ్చెను. కలుపు నా కన్నుల యెదుటనే తీసిరి. రైతుల చేలలో ఆ వంగడము అందులో సగము మాత్రమే పండినది. అప్పుడొక వృద్ధ రైతు నాతో, "అయ్యా, మీ మడి మీ జీతం మీద పండింది, నా చేను నా అప్పు మీద పండాలి" అనెను. ఆ మాట నేటికిని నన్ను విడిచిపోలేదు. మడిలో దిగుబడి అబద్ధము కాదు; దానిని ఎకరము మాటగా చెప్పుటయే తప్పు.

ఇక చిన్న సెల్లులో వచ్చిన సామర్థ్యము పెద్ద పలకలో ఏల తగ్గునో తెలిసికొందము. కారణములు మనకు తెలియని వింతలు కావు.

మొదటిది పూత సమముగా రాకపోవుట. ప్రయోగశాలలో తపాలా బిళ్లంత గాజుముక్కపై ద్రావణపు చుక్కను వేసి దానిని బొంగరమువలె త్రిప్పుదురు. ద్రావణములో అధికభాగము చుట్టును చిమ్ముకొనిపోగా మిగిలినది పలుచని పొరగా నిలుచును. నిలువెత్తు గాజును అట్లు త్రిప్పుట కుదురదు. త్రిప్పినను సరకంతయు నేలపాలగును. కనుక సన్నని చీలిక వంటి మూతి నుండి ద్రావణమును విడుచుచు, లేక పలుచని అలుగుతో లాగుచు పూయవలెను. అప్పుడు ఆరుట అంచులయందొక విధముగాను, నడుమ నొక విధముగాను ఉండును. చినగంజాము ఉప్పు మడులను చూచినవారికి ఇది వెంటనే బోధపడును. ఎండయు గాలియు మాఱినచో ఒకే మడిలో ఒకచోట పెద్ద పలుకులును, ఒకచోట నూకయు ఏర్పడును. పెరోవ్‌స్కైటును ద్రావణము నుండి పేరుకొను లవణమే. సెకనుల వ్యవధిలో పేరుకొను ఆ పలుకులు పలక యంతట ఒక్కతీరుగా నుండవలెను. సూది మొనయంత బెజ్జము మిగిలినను అచట పైపొరయు క్రిందిపొరయు తాకి విద్యుత్తు వృథాయగును.

రెండవది ఇంకుడు. ఎండ తగిలినప్పుడు పొరలో ఎలెక్ట్రానులు కదలి తీగవైపు పోవలెను. పలుకులు కలియు అతుకులయందును, పొర పైముఖమునందును లోపములున్నచో అవి అచటనే చిక్కుకొని వేడిగా మాఱిపోవును. మట్టికాలువలో విడిచిన నీరు చేనికి చేరకమునుపే ఇంకిపోవుట యిట్టిదే. కాలువకు సిమెంటు పూసినట్లు శాస్త్రజ్ఞులు ఆ లోపములపై వేఱు రసాయనముల పూత పూయుచున్నారు. గడచిన యేండ్లలో సామర్థ్యము పెరుగుటకు ఈ పనియే ముఖ్యకారణములలో నొకటి. కాని ఆ రెండవ పూతయు పలక యంతట సమముగా నుండవలెను గదా.

మూడవది దూరము. ఎండ లోనికి పోవుటకై పలక ముందరివైపున లోహపు రేకునకు మాఱు గాజువలె కనబడు ఒక పారదర్శకపు పొరను వాడుదురు. అది విద్యుత్తును లోహమంత సులభముగా పోనీయదు. కందిగింజంత సెల్లులో దూరము లేదు కనుక నష్టమును లేదు. పెద్ద పలకలో ఈ నష్టమును తగ్గించుటకై పొరలను సన్నని పట్టీలుగా చీల్చి వరుసగా కలుపుదురు. చీలిక పోయినచోట విద్యుత్తు పుట్టదు. గట్లకును బోదెలకును కొంత నేల పోయినట్లే అది పోయిన చోటు. పైగా పట్టీలు ఒకదాని వెంట ఒకటి కలిసియుండుటచేత, ఒక్క పట్టీ బలహీనమైనను బోదెలో మన్ను పూడినట్లు ప్రవాహమంతయు అచట తగ్గును.

ఈ మూడును కలిసి పెద్ద పలకల సామర్థ్యమును చిన్న సెల్లుకంటె అనేక శాతములు క్రిందికి దింపుచున్నవి. ఇది ప్రయత్నముచే తగ్గించదగిన నష్టమే. ఏటేట తగ్గుచునే యున్నది. అయినను ఒక మేర గలదు. 1961లో షాక్లీ, క్వైసర్ అను శాస్త్రజ్ఞులు చూపిన లెక్క తీరును బట్టి ఒకే రకము పొర గల సెల్లు సాధారణమైన ఎండలో సుమారు 33 శాతమునకు మించి యీయజాలదు. కావున ఒక్క పొర పూతతోనే 40 శాతము వచ్చునని చెప్పువాడు మీ వాకిట నిలిచినచో, అతనికి మంచినీరిచ్చి పంపివేయుడు.

సామర్థ్యము తక్కువైనను ధర తక్కువైనచో చాలదా యని మీరడుగవచ్చును. ఒక చిన్న లెక్క వేయుదము. 5 హార్సుపవరు పంపుసెట్టుకు సుమారు 4,800 వాట్ల పలకలు కావలెను. నిండు ఎండలో చదరపు మీటరుపై 1,000 వాట్ల బలము పడునని కొలతలయందు తీసికొందురు. 20 శాతము పలకలైనచో చదరపు మీటరుకు 200 వాట్ల చొప్పున 24 చదరపు మీటర్లు చాలును. ఇది అర సెంటు నేలకు కొంచెము ఎక్కువ. 10 శాతము పలకలైనచో 48 చదరపు మీటర్లు, అనగా ఒక సెంటునకు పైన కావలెను. పలక చవుకయైనను, దానిని నిలిపెడు ఇనుప కమ్మీలు, సిమెంటు దిమ్మెలు, తీగలు, కూలి చవుక కావు. అవి యన్నియు సుమారు రెండింతలగును. పలక ధరను చూచి సంతోషించినవాడు పునాదికి అప్పు చేయును.

ఇంతవఱకు చెప్పినది మొదటి దినపు సామర్థ్యము. రైతునకు అంతకంటె ముఖ్యమైనది పదియవ యేటి సామర్థ్యము. ఉప్పువంటి వస్తువునకు చెమ్మ శత్రువు. పెరోవ్‌స్కైటు పొర చెమ్మకు చెడును, వేడికి చెడును, వెలుతురే తగులుచుండగా దానిలోని కణములు చోటు మాఱి పొరను పాడుచేయును. గాజుల నడుమ నుంచి అంచులు మూసినచో చెమ్మను చాలవఱకు ఆపవచ్చును గాని, వేడిని, వెలుతురును ఆపుట యెట్లు? ఎండ తగులుటకే గదా పలక యున్నది. పలకలను పరీక్షించుటకు 85 డిగ్రీల వేడిమిలో, గాలిలో 85 శాతము చెమ్మ యుంచి, 1,000 గంటలు నిలుపు పద్ధతి గలదు. అది దాదాపు 42 దినములు. ఆ పరీక్షలో నెగ్గుట అవసరమే. కాని కృష్ణా గోదావరీ డెల్టాలలో వైశాఖపు ఎండయు, శ్రావణపు చెమ్మయు, సముద్రపు ఉప్పుగాలియు ఏటేట వచ్చును. వానికి 42 దినముల పరీక్ష పూర్తి సాక్ష్యము కానేరదు.

ఉదాహరణమునకై రెండు పలకలను ఊహింపుడు. ఒకటి 20 శాతముతో మొదలై ఏటికి తన యీవిలో నూటికి అర పాలు చొప్పున తగ్గుచు 25 ఏండ్లు నిలుచునది. మఱియొకటి 24 శాతముతో మొదలై ఐదేండ్లలో సగమునకు దిగి మూలపడునది. ఏ యేటి సామర్థ్యమును ఆ యేటికి కూడుచు వచ్చినచో మొదటిది తన జీవితకాలములో 470 పాళ్లు ఇచ్చును; రెండవది 90 పాళ్లు ఇచ్చును. మొదటి దినమున గెలిచిన పలక మొత్తము మీద ఐదవ వంతు కూడ ఈయలేదు. అనగా దాని ధర మొదటిదానిలో ఐదవ వంతుకంటె తక్కువైననే గాని గిట్టదు. మరల మరల బిగించు కూలి వేఱు. ఇవి ఊహించిన అంకెలే యైనను లెక్క వేయు తీరు ఇదియే.

గడచిన కాలపు అనుభవమును చూడుడు. 2001లో అమెరికాలో కోనార్కా యను కంపెనీ బొగ్గుజాతి రసాయనముల పూత పలకలకై వెలసినది. దాని స్థాపకులలో నోబెల్ బహుమానము పొందిన హీగర్ అను శాస్త్రజ్ఞుడును ఉండెను. 2012లో అది దివాలా తీసినది. 2002లో కాలిఫోర్నియాలో వెలసిన నానోసోలార్ అను కంపెనీ రాగిజాతి సిరాను రేకుపై అచ్చువేసి పలకలు చేసెను. 2013లో అదియు మూతపడెను. విద్వాంసులకును, ధనమునకును అచట కొఱత లేకుండెను. ఆ నడిమి కాలములో సిలికాను పలకల ధర మిక్కిలి పడిపోవుటచేత, చవుక యను ఒక్క గుణముపై నిలిచినవారికి నిలువ నేల లేకపోయెను. పాతికేండ్ల హామీ వ్రాసియిచ్చిన కంపెనీయే పదియేండ్లకు లేనిచో ఆ కాగితము రైతునకు దేనికి?

ప్రతిపక్షపు మాటలను కూడ చెప్పుట నా విధి. పలుచని పొర పలకలన్నియు చెడ్డవని నే ననుట లేదు. కాడ్మియము, టెల్లూరియము అను వానితో చేసిన పలుచని పలకలు చాలకాలముగా పొలములలో పనిచేయుచున్నవి. కాని వానిని ద్రావణముతో గాక ఆవిరి పట్టించి చేయుదురు. పెరోవ్‌స్కైటునకును ఒక మేలు గలదు: ఎండ వేడికి పలక కాగినప్పుడు సిలికాను డిగ్రీకి నూటికి సుమారు 0.3 మొదలు 0.4 పాళ్లు నష్టపోవును. పెరోవ్‌స్కైటు నష్టము అంతకంటె తక్కువ. రాయలసీమ వేసవిలో ఇది చిన్న లాభము కాదు. మఱియు సిలికానుపై పెరోవ్‌స్కైటు పొరను చేర్చి జంట సెల్లులు చేయు పద్ధతిలో 2024 నాటికి ప్రయోగశాలలో 34 శాతము దాటినది. ఆ యేటనే ఆక్స్‌ఫర్డ్ పీవీ యను కంపెనీ 24.5 శాతము సామర్థ్యము గల జంట పలకలను అమెరికాకు అమ్మకమునకై పంపినది. జొన్నలో కంది అంతరపంటగా వేసినట్లు రెండు పొరలు ఎండను పంచుకొనును. బహుశః ఈ త్రోవనే ఆ పొర మన పొలములకు రాగలదు. వచ్చినప్పుడు సిలికానును త్రోసివేయుచు గాక, దాని భుజముపై నెక్కి వచ్చును.

సీసమును గుఱించి ఒక్క మాట. పెరోవ్‌స్కైటు పలకలో చదరపు మీటరునకు సుమారు ఒక గ్రామునకు లోపుగా సీసముండును. పరిమాణము స్వల్పమే, సిలికాను పలకల అతుకులలోను సీసము గలదు. కాని యిది నీటిలో కరగు లవణము. వడగండ్లకో, కోతి చేష్టకో గాజు పగిలినచో ఆ నీరు చేనిలోనికి పోవును. పగిలిన పలకను ఎవరు తీసికొనిపోవుదురో కొనునప్పుడే వ్రాయించుకొనవలెను.

కాగా సంఘములు చేయవలసిన దేమి? నీరు నేడు కావలసిన సభ్యుడు క్రొత్త పలకలకై వేచియుండ నక్కఱలేదు. పరీక్షకు నిలిచిన సిలికాను పలకలను నేడే కొనవచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము వంటి సహాయములు తమ జిల్లాలో ఏ షరతులపై దొరకునో పాలకవర్గము విచారించి సభ్యులకు తెలుపవలెను. పూత పలకలను అమ్మవచ్చినవారిని ఈ ఐదు ప్రశ్నలు అడుగవలెను. మీరు చెప్పు శాతము కందిగింజంత సెల్లుదా, నిలువెత్తు పలకదా? దానిని కొలిచినది మీరా, మీకు సంబంధము లేని పరీక్షాలయమా? భారత ప్రమాణముల సంస్థ గుర్తు దానిపై నున్నదా? ఇట్టి వేడిలో, చెమ్మలో అది ఎన్ని యేండ్లు నిలిచిన దాఖలా ఎచట నున్నది? చెడినచో మార్చియిచ్చు పూచీ ఎవరిది? ఈ ఐదింటికిని వ్రాతమూలకముగా జవాబు రానిదే రిజర్వు నిధి నుండి ఒక్క రూపాయయు ముందుగా ఈయరాదు.

తెలిసికొను కోరిక మంచిదే. కావున జిల్లాకొక సంఘము పూనుకొని, అమ్మువారి ఖర్చుతోనే, ఒక పూత పలకను, ఒక సిలికాను పలకను గోదాము కప్పుపై ప్రక్కప్రక్కన నిలిపి, ఒక్కొక్కదానికి ఒక మీటరు పెట్టింపవలెను. గుమాస్తా ప్రతి సోమవారము రెండు అంకెలను పుస్తకములో వ్రాయవలెను. రెండు వానకాలములు, రెండు వేసవులు గడచిన పిమ్మట ఆ పుస్తకమును మహాజనసభలో చదివి వినిపింపవలెను. అది మన నేలపై, మన ఎండలో కోసి తూచిన పంట. ఆ పుస్తకము పూత పలకకు అనుకూలముగా చెప్పినచో నేనే ముందుగా వచ్చి వానిని కొనుడని మీకు చెప్పుదును. అంతవఱకు వాటాధనమును కాపాడుడు. పై ఐదు ప్రశ్నలను రానున్న మహాజనసభ కార్యక్రమములో చేర్పించుడని కార్యదర్శులను ప్రార్థించుచున్నాను.